పాప చేతుల మీది గరుకు రుద్దితే పోదు

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. రెండేళ్లుగా భుజాల కింద చేతుల వెలుపలి వైపున, తొడల ముందు వైపున సన్న గింజల్లాంటి బుడిపెలు ఉన్నాయి. నొప్పి లేదు, దురద కూడా పెద్దగా లేదు, కానీ నిమిరితే గరుకుగా తగులుతాయి. మా అత్తయ్యగారు ప్రతి ఆదివారం నూనె రాసి, సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టి స్నానం చేయిస్తారు. ఆ పూట నున్నగా అనిపించినా, రెండు రోజులకు మరింత ఎర్రగా లేస్తున్నాయి. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే వారం రోజులు తగ్గి, మళ్లీ వచ్చాయి. ఒంట్లో వేడి అని ఒకరు, విటమిన్ లోపమని మరొకరు అంటున్నారు. భయంతో గుడ్డు, మామిడిపండు మానిపించాం. బడిలో పక్కన కూర్చునే అమ్మాయి "నాకూ అంటుకుంటాయి" అని దూరం జరిగిందట. వచ్చే నెలలో మా తమ్ముడి పెళ్లి ఉంది. చేతుల్లేని గౌను వేసుకోనని ఏడుస్తోంది. ఇది ఏమిటో, ఇంట్లో ఏం చేయాలో చెప్పగలరు.
ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్నీ, దానితో పాటు పంపిన రెండు ఫొటోలనూ శ్రద్ధగా చూశాను. రెండు చేతులకూ, రెండు తొడలకూ ఒకే తీరుగా, చర్మం మీద రవ్వ అద్దినట్టు సన్నగా లేచి, నొప్పి లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోయే ఈ గరుకును వైద్యులు కెరటోసిస్ పిలారిస్ అంటారు. ఈకలు పీకిన కోడి చర్మంలా ఉంటుందని దీనిని చికెన్ స్కిన్ అని పిలిచేవారూ ఉన్నారు గానీ, పాప వినేటట్టు ఇంట్లో ఎవరూ ఆ మాట అనకుండా చూడండి. ఫొటోను బట్టి రోగం తేల్చడం సరైన పద్ధతి కాదు కనుక, మీ పిల్లల వైద్యుని దగ్గరో, కింగ్ జార్జ్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలోనో ఒక్కసారి చూపించండి. దీనికి సాధారణంగా రక్తపరీక్షలు గానీ స్కానింగులు గానీ అవసరం ఉండవు. వైద్యులు చూసి, చేత్తో తడిమి చెప్పగలుగుతారు.

ముందుగా మీ మనసు కుదుటపడవలసిన మాట చెబుతాను. ఇది అంటుకునేది కాదు. మురికి వల్ల వచ్చినది కాదు, మీ పెంపకంలో లోపం వల్ల వచ్చినది అంతకన్నా కాదు. మన చర్మంలో కెరాటిన్ అనే గట్టి పదార్థం ఎప్పటికప్పుడు తయారవుతూ, పాతది రాలిపోతూ ఉంటుంది. కొందరి చర్మంలో అది సరిగా రాలక, వెంట్రుక మొలిచే చిన్న రంధ్రం నోటి దగ్గర బిరడాలా పేరుకుంటుంది. ఉదయపు ఎండ పక్కనుంచి పడే కిటికీ దగ్గర పాప చేతిని పట్టుకుని చూడండి. ఒక్కొక్క బుడిపె మధ్యలో ఒక్కొక్క నూగు వెంట్రుక కనబడుతుంది. కొన్నిచోట్ల ఆ వెంట్రుక బయటికి రాలేక, బిరడా కిందే చుట్ట చుట్టుకుని నల్లని చుక్కలా ఉంటుంది. మీరు చేత్తో నిమిరినప్పుడు తగిలే గరుకు ఆ బిరడాలదే.

ఈ తత్వం చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. మీ చేతులూ, మీ వారి చేతులూ, వీలైతే మీ అత్తయ్యగారి చేతులూ ఒకసారి తడిమి చూడండి. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని ఇదే గరుకు వాళ్లలో ఎవరికో ఒకరికి ఉన్నా ఆశ్చర్యం లేదు. పదిహేనేళ్ల ప్రాయంలో ఉన్నవారిలో సగానికి పైగా, పెద్దవారిలో దాదాపు 40 శాతం మందికి ఎంతో కొంత ఉంటుందని చర్మవైద్య గ్రంథాలు చెబుతాయి. పొడిచర్మం, ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి, ఉబ్బసం వంటివి ఉన్న ఇళ్ల పిల్లల్లో మరికాస్త ఎక్కువగా కనబడుతుంది. నా చేతులకు కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేది. మా అమ్మ ఎంతో ప్రేమతో బీరపీచుతో రుద్దేది, నేను గోడవైపు తిరిగి పళ్లు బిగబట్టి నిలబడేవాడిని. అందుకే మీ ఉత్తరంలోని ఆదివారం నలుగు దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

నలుగు పెట్టిన పూట నున్నగా అనిపించడం నిజమే, ఎందుకంటే బిరడాల పైకొనలు కొన్ని రాలిపోతాయి. కానీ ఆ రాపిడికి వెంట్రుక మొదళ్ల చుట్టూ చర్మం వాచి ఎర్రబడుతుంది. తనను తాను కాపాడుకోవడానికి చర్మం మరింత మందంగా పెరుగుతుంది. నీటిని లోపల నిలిపే పైపొర దెబ్బతిని చర్మం ఇంకా పొడిబారుతుంది. దానితో రెండు రోజులకు మొదటికంటే ఎక్కువగా లేచి కనబడుతుంది. మన పిల్లల మేనిఛాయలో ఈ వాపు ఎరుపుగా కంటే గోధుమరంగు, నలుపు చుక్కలుగానే ఎక్కువకాలం నిలిచిపోతుంది. బుడిపెలు తగ్గిన తర్వాత కూడా ఆ మచ్చలు నెలల తరబడి ఉంటాయి. గోళ్లతో గిల్లినా, మొటిమలని నొక్కినా జరిగేది అదే. పైగా మన ఇళ్లలో మర పట్టించుకునే సున్నిపిండిలో పెసలు, పసుపు, కచ్చూరాలతో పాటు బావంచాలు కూడా వేస్తుంటారు. బావంచాల్లో ఉండే సోరాలెన్ అనే పదార్థం చర్మానికి తగిలిన తర్వాత ఎండలోకి వెళితే కొందరికి చర్మం కమిలి నల్లబడుతుంది. నిమ్మచెక్కతో రుద్దడం, వంటసోడా రాయడం వంటి చిట్కాలు ఎవరైనా చెబితే వాటిని కూడా వద్దనండి.

అయితే మీ అత్తయ్యగారి చేతిలోని పిండిగిన్నెను లాగేసుకోవద్దు. ఆవిడ మనవరాలి మీద ప్రేమతో చేస్తున్న పని అది. గిన్నెకు బదులుగా కొబ్బరినూనె సీసా ఇవ్వండి. మన ఆచారంలో నూనె ముందు, నలుగు తర్వాత వస్తాయి, అంటే రాసిన నూనెనంతా పిండి పీల్చేస్తుంది. ఆ వరుసను తిప్పి, ముందు స్నానం, తర్వాత నూనె అని పెట్టుకుంటే చాలు. స్నానం అయ్యాక, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే, చేతులకూ తొడలకూ నూనెను పైపైన నెమ్మదిగా రాయమనండి. చర్మంలోకి దిగిన నీటిని ఆవిరి కాకుండా ఆపడమే ఆ నూనె చేసే పని, కనుక గట్టిగా మర్దన చేయవలసిన అవసరం లేదు.

స్నానం గురించి చెబుతాను. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మోచేయి ముంచితే వేడిగా తగలకూడదు. పది నిమిషాలకు మించి నీళ్లలో ఉంచవద్దు. చంకలు, మెడ, పాదాలు వంటి చోట్లకు మాత్రమే సబ్బు వాడి, గరుకు ఉన్న చోట నురగ కారితే చాలనుకోండి. వాసన ఘాటుగా ఉండే సబ్బులు, క్రిములను చంపుతామని చెప్పే సబ్బులు ఈ చర్మానికి పడవు. సబ్బు కలపని, నురగ తక్కువగా వచ్చే సౌమ్యమైన క్లెన్సర్ ఏదైనా పనికొస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న కొన్ని కాలనీల్లో బోరునీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది. అటువంటి నీటిలో సబ్బు సరిగా నురగ రాక మనం ఇంకా ఎక్కువ రాస్తాం, ఆ సబ్బు చర్మం మీదే మిగిలిపోతుంది. మీ ఇంట్లో అదే పరిస్థితి అయితే చివరి రెండు చెంబులు మంచినీళ్లతో పోయండి. తువ్వాలుతో తుడవకుండా, పైపైన అద్ది, మూడు నిమిషాల లోపే క్రీము గానీ నూనె గానీ రాసేయండి. నేను చెప్పేవాటిలో ఏ ఒక్కటైనా తప్పకుండా పాటించగలను అంటే, ఈ మూడు నిమిషాల పనినే పాటించండి.

సముద్రపు గాలి ఇంత తేమగా ఉండే విశాఖలో చర్మం ఎందుకు పొడిబారుతుందని చాలామంది తల్లులు అడుగుతారు. గాలిలో తేమ ఉన్నంత మాత్రాన, పైపొర బలహీనంగా ఉన్న చర్మం దానిని పట్టి ఉంచుకోలేదు. రాత్రంతా ఏసీ గదిలో పడుకోవడం, గీజరు వేడినీళ్లు, ఘాటైన సబ్బు కలిస్తే బయట ఎంత ఉక్కపోతగా ఉన్నా చర్మం ఎండిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో గరుకు పెరగడం మీరు గమనించే ఉంటారు. ఆ రోజుల్లో అరకు, లంబసింగి వైపు వెళ్లివస్తే ఇంకా ఎక్కువగా కనబడుతుంది. అందుచేత చలికాలంలో రాత్రిపూట చిక్కటి క్రీమునో పెట్రోలియం జెల్లీనో రాయండి. ఏప్రిల్, మే నెలల ఉక్కలో మాత్రం అదే జెల్లీని మందంగా పూస్తే చెమటరంధ్రాలు మూసుకుపోయి చెమటకాయలు లేస్తాయి కనుక, పలచని లోషన్‌కు మారండి. రుషికొండ నుంచో ఆర్కే బీచ్ నుంచో ఇంటికి రాగానే ఉప్పు పోయేటట్టు మంచినీళ్లు పోసి, లోషన్ రాయండి. యూనిఫాం చేతులు బిగుతుగా, నైలాన్ కలిసిన బట్టతో ఉంటే రోజంతా ఒరుసుకుంటూ ఉంటాయి, లోపల మెత్తటి నూలు బనియను వేయండి.

రెండు మూడు వారాలు ఇలా చేశాక కూడా గరుకు ఎక్కువగానే ఉంటే, బిరడాలను కరిగించే క్రీముల గురించి మీ వైద్యునితో మాట్లాడవచ్చు. పిల్లలకు ఎక్కువగా సూచించేది 10 శాతం యూరియా ఉన్న క్రీము. యూరియా అనగానే పొలంలో చల్లే ఎరువు గుర్తుకొచ్చి కంగారుపడవద్దు. మన చర్మంలో సహజంగానే ఉండి, నీటిని పట్టి ఉంచే పదార్థాల్లో అది కూడా ఒకటి. లాక్టిక్ ఆమ్లం ఉన్న లోషన్లూ ఇదే పని చేస్తాయి. ఏదైనా ముందు ఒక్క చేతి మీద, రూపాయి బిళ్లంత మేర మూడు రోజులు రాసి చూసి, మంట గానీ ఎరుపు గానీ లేకపోతే రోజు విడిచి రోజు రాత్రిపూట మొదలుపెట్టండి. గీరుకుపోయిన చోట, ముఖం మీద రాయవద్దు. సాలిసిలిక్ ఆమ్లం ఉన్నవి చిన్నపిల్లల ఒంటి మీద ఎక్కువ మేర రాస్తే రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది కనుక, వాటిని సొంతంగా కొనవద్దు. ఎంత రాయాలో తెలియడానికి ఒక సులువైన కొలత ఉంది. మీ చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే, అది వేళ్లతో సహా మీ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది.

ఫలితం కనబడడానికి కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడో రోజున చేతిని తడిమి నిరాశపడవద్దు. మానేస్తే కొన్ని వారాల్లో గరుకు తిరిగి వస్తుంది, ఎందుకంటే మనం మార్చగలిగేది చర్మం పైపొర స్థితినే గానీ దాని పుట్టుతత్వాన్ని కాదు. నున్నబడ్డాక వారానికి రెండు మూడుసార్లు రాస్తే నిలుస్తుంది. చాలామందికి యుక్తవయసు దాటాక, ముప్పై ఏళ్లు వచ్చేసరికి దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. రాయడానికి ఓపిక లేని రోజుల్లో ఏమీ రాయకపోయినా పాప ఆరోగ్యానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

మందుల షాపు ట్యూబు మాట కొంచెం గట్టిగా చెప్పాలి. ఆ ట్యూబు వెనుక సన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, బెక్లోమెథసోన్ వంటి మాట ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. వాటితో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపిన క్రీములు మన దగ్గర ఏ జబ్బుకైనా ఇచ్చేస్తుంటారు. స్టెరాయిడ్ బుడిపె చుట్టూ ఉన్న వాపును అణచడం వల్లే వారం రోజులు తగ్గినట్టు కనబడింది. బిరడా ఉన్నచోటే ఉంది కనుక మానగానే మళ్లీ తేలింది. ఇటువంటివి నెలల తరబడి రాస్తే పిల్లల చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, రాసినచోట వెంట్రుకలు పెరుగుతాయి, తామర ఉంటే గుర్తుపట్టలేనంతగా పాకిపోతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని నిర్దేశించింది. మీరు వారం రోజులే రాశారు కనుక భయపడవలసింది లేదు. ఇంతటితో ఆపేసి, వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ ట్యూబును వెంట తీసుకువెళ్లి చూపించండి.

ఆహారం విషయంలో మీరు పెట్టిన ఆంక్షలను ఈ రోజే ఎత్తివేయండి. ఈ గరుకుకూ, గుడ్డు, మామిడిపండు చేస్తాయనే వేడికీ సంబంధం లేదు. పైగా ఆ రెండూ విటమిన్ ఎ ఇచ్చే మంచి ఆహారమే. విటమిన్ లోపం అన్నవారి మాటలో మాత్రం కొంత ఆధారం ఉంది. పోషకాహారం చాలని పిల్లల్లో ఫ్రైనోడెర్మా అనే మరో గరుకు వస్తుంది. విటమిన్ ఎ, బి విటమిన్లు, నూనెల్లో ఉండే అత్యవసర కొవ్వు ఆమ్లాల కొరతతో దానికి ముడిపెడతారు. అది మోచేతులు, మోకాళ్ల మీద మొదలవుతుంది, బుడిపెలు పెద్దవిగా, ముళ్లలా గుచ్చుకునేటట్టు ఉంటాయి. మీ ఫొటోల్లో పాప మోచేతులు నున్నగా ఉన్నాయి, మీరు రాసిన దాన్ని బట్టి ఆమె తిండి కూడా బాగానే ఉంది. పాపకు రేచీకటి ఉన్నా, ఎదుగుదల తక్కువగా ఉన్నా ఆ కోణంలో వైద్యుడు పరిశీలిస్తారు. అంతేగానీ విటమిన్ ఎ మాత్రలు సొంతంగా కొని వేయవద్దు, ఎక్కువైతే అది శరీరంలో నిలవ ఉండి హాని చేస్తుంది. ఆకుకూరలు, పప్పు, గుడ్డు, పాలు, మీరు తినేవారైతే చేప పెట్టండి, చాలు.

ఇలాగే కనిపించే మరికొన్ని ఉన్నాయి కనుక వాటి గుర్తులు కూడా చెబుతాను. ముత్యంలా మెరుస్తూ, నడిమధ్యలో చిన్న గుంట ఉండే బుడిపెలు మొలస్కం అనే వైరస్ వల్ల వస్తాయి. అవి కూడా ప్రమాదం లేనివే, చాలామందిలో నెలలు గడిచేకొద్దీ వాటంతట అవే పోతాయి, కానీ అవి అంటుకుంటాయి కనుక తువ్వాలు వేరుగా ఉంచాలి. వేళ్ల సందుల్లో మొదలై రాత్రిపూట విపరీతంగా దురద పెట్టి, ఇంట్లో మరొకరికి కూడా వస్తే అది గజ్జి కావచ్చు. బుడిపెల్లో చీము పట్టినా, చుట్టూ వేడిగా ఎర్రబడి నొప్పి చేసినా, జ్వరం వచ్చినా, దురదతో నిద్ర పట్టకపోయినా, ఒక్క పక్కనే హఠాత్తుగా లేచినా, బుగ్గలు ఎర్రబడి కనుబొమల వెంట్రుకలు రాలుతున్నా ఆలస్యం చేయకుండా చూపించండి.

ఇక బడి సంగతి. ఆ పక్క అమ్మాయిది తప్పనవద్దు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన జాగ్రత్తనే ఆ పిల్ల పాటించింది. క్లాస్ టీచరును కలిసి ఇది అంటుకునేది కాదని చెప్పండి, వైద్యుడు రాసిచ్చిన చీటీ ఉంటే చూపించండి, వీలైతే ఆ అమ్మాయి తల్లితోనూ నెమ్మదిగా మాట్లాడండి. పాపకు ఒక చిన్న సమాధానం నేర్పండి: "ఇది నా చర్మం అంతే, ఎవరికీ అంటుకోదు." రెండు మూడుసార్లు ఇంట్లో ఆటలా పాపతో పలికిస్తే, బడిలో తడుముకోకుండా చెప్పగలుగుతుంది. క్రీము రాసే పనిలో కూడా ఆమెకు భాగం ఇవ్వండి. ఒక చేయి మీరు రాస్తే, మరో చేయి తనే రాసుకోవాలి. ఏడేళ్ల పిల్లకు తన ఒంటిని తానే చూసుకోగలనన్న ధైర్యం ఆ వయసులోనే రావాలి.

మీ తమ్ముడి పెళ్లి నెల రోజుల్లోనే ఉంది. ఈలోగా గరుకు కొంత తగ్గవచ్చు గానీ పూర్తిగా పోతుందని పాపకు మాట ఇవ్వవద్దు. పెళ్లి కోసమని పార్లరులో స్క్రబ్బులు చేయించడం, కొత్త క్రీములు ప్రయత్నించడం వంటివి కూడా వద్దు. చేతులున్నది ఒకటి, చేతుల్లేనిది ఒకటి రెండు గౌన్లు ముందు పెట్టి, ఏది కావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. చేతులు కప్పుకో అని మీరు గానీ, తప్పకుండా చేతుల్లేనిదే వేసుకోవాలి అని మీ వారు గానీ అనకండి. పెళ్లింట్లో ఏ పెద్దమ్మో పాప చేయి పట్టుకుని "ఇదేమిటే, ఇలా లేచింది?" అని అడగకుండా ఉండరు. అప్పుడు పాప పక్కనే ఉండి మీ మాట వింటూ ఉంటుంది, కనుక ఏమీ లేదని చేయి వెనక్కి లాగకుండా, పుట్టుకతో వచ్చిన చర్మమని, ఇంట్లో ఇంకెవరి చేతులకైనా ఉంటే వారికీ ఉందని మామూలు గొంతుతో చెప్పండి. ఆ రోజు ఉదయం హడావిడిలో కూడా స్నానం కాగానే లోషన్ రాయడం మానవద్దు. పట్టుగౌనుకు జిడ్డు అంటకుండా ఒక పావుగంట ఆరనిచ్చి, ఆ తర్వాత తొడగండి.